అగ్నిపర్వతం ఎందుకు? మన ఊరి బోరు చాలదా!

*చేతులతో చేసి నేర్చుకోవడం ఎలాగో దేశానికి చూపించిన బడులు నంగలి చుట్టూనే ఉన్నాయి. ఇక్కడి ప్రభుత్వ బడి పిల్లల ప్రాజెక్టు మాత్రం ఇంకా థర్మాకోల్ షీటు దాటలేదు.*

ఫిబ్రవరి చివరి వారం. సాయంత్రం ఐదు దాటింది. బెంగళూరు–చెన్నై రోడ్డు మీద లారీల హోరు. కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న నంగలిలో స్టేషనరీ అంగడి ముందు బడి పిల్లలు, వాళ్ల తల్లులు గుంపుగా నిలబడి ఉన్నారు.

"ఏమప్పా, అగ్నిపర్వతం చేసేకి ఏమేమి కావాల?" అని అడుగుతోంది ఒకామె. టమాటా తోటలో కూలి ముగించుకుని నేరుగా వచ్చింది. ఆకుల పసరు ఆరిపోయి ఆమె వేళ్లు నల్లబడి ఉన్నాయి. ఎంత తోమినా ఆ మరక ఒకటి రెండు రోజులకు గానీ పోదు.

"థర్మాకోల్ రెండు షీట్లు, ఎర్ర రంగు, వంట సోడా, వెనిగర్. అంతా సెట్టుగానే ఉండాది మా."

"మా, రేపే తెమ్మనింది మిస్సు" అంటూ పిల్లవాడు కొంగు పట్టి లాగుతున్నాడు. ఆమె కొంగు ముడి విప్పి ఆనాటి కూలిలోంచి కొంత తీసి ఇచ్చింది.

28న జాతీయ సైన్స్ దినోత్సవం. ఆ రోజు బడి వరండాలో నాలుగైదు అగ్నిపర్వతాలు ఒకేసారి ఎర్రటి నురగ కక్కుతాయి. చప్పట్లు మోగుతాయి, మార్కులు పడతాయి. సాయంత్రానికి థర్మాకోల్ ముక్కలు గోడ వారకు చేరతాయి. నంగలి చుట్టుపక్కల ఒక్క అగ్నిపర్వతమూ లేదు. దేశం మొత్తానికి రగులుతున్నది అండమాన్‌లోని బారెన్ దీవిలో ఒక్కటే.

అదే అంగడి ముందు నుంచి, అదే గంటలో, వడ్డహళ్లి మార్కెట్టుకు టమాటా బాక్సుల టెంపోలు పోతుంటాయి. వాటి వెనకే నీళ్ల ట్యాంకరు. ఆ టెంపోలో ఎన్ని లెక్కలున్నాయో, ఆ ట్యాంకరులో ఎంత భూగోళం, ఎంత రసాయనశాస్త్రం ఉందో ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. అతనికి అవి రోజూ చూసే బండ్లే గానీ పాఠం కాదు. నా బాధంతా ఇక్కడే ఉంది.

సంచి దిగింది, చేతికేం వచ్చింది?

ఇప్పుడు ఏ బడి స్టాఫ్ రూములో చూసినా సంచి లేని రోజు గురించే చర్చ. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేని బడి ఉండాలంది. ఆ రోజుల్లో వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటి పనివాళ్ల దగ్గర పని చూసి, చేసి నేర్చుకోవాలంది. కర్ణాటకలో 'సంభ్రమ శనివారం' వచ్చింది. సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్‌లోనూ శనివారాలు నో బ్యాగ్ డే అంటున్నారు. మంచిదే. వెన్ను మీది బరువు ఒక్క పూటైనా దిగడం చిన్న సంగతి కాదు.

అయితే సంచి దింపిన తర్వాత ఏం చేయాలన్న దగ్గరే బండి ఆగుతోంది. చాలా చోట్ల ఆ రోజు ఆటపాటలు, బొమ్మలు, కాసేపు డాన్సు. ఇక ప్రాజెక్టు అంటే మార్కుల సంగతి. కర్ణాటక పదో తరగతిలో చాలా సబ్జెక్టులకు 80 మార్కులు పరీక్షకు, 20 మార్కులు బడిలోనే వేసే అంతర్గత మదింపుకు. ఏడాదికి నాలుగు ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు (ఎఫ్ఏలు), ప్రతి ఎఫ్ఏకూ ప్రతి సబ్జెక్టులో ఏదో ఒక ప్రాజెక్టు. ఆరు సబ్జెక్టులను నాలుగుతో గుణించండి. ఏ పిల్ల అయినా, ఏ మాస్టారైనా అన్నిటినీ నిజంగా చేయగలరా? అందుకే నెట్ సెంటర్లో ప్రింటు, దాని మీద రంగు అట్ట, లోపల ఎవరూ చదవని పది పేజీలు.

తప్పు టీచర్లదని చేతులు దులుపుకోవడానికి నాకు మనసొప్పదు. పల్లె బడిలో ఇద్దరు టీచర్లుంటే ఐదు తరగతులు. అందులో ఒకరు అతిథి టీచరు. మధ్యాహ్న భోజనం లెక్క, పాల పొడి లెక్క, ఓటర్ల జాబితా, సర్వేలు అన్నీ వాళ్ల నెత్తిమీదే. పిల్లల్ని వెంటబెట్టుకుని చెరువు కట్టకు పోదామంటే, దారిలో ఎవరైనా కాలు జారి పడితే జవాబు చెప్పాల్సింది ఆ ఒక్కరే.

రాయల్పాడులో ఏడెకరాల బడి

హొయసల విష్ణువర్ధనుడి శాసనాల్లో రాజ్యానికి తూర్పు పొలిమేరగా నంగలి కనుమ పేరుంది. ఈనాటికీ ఇది పొలిమేరే. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడ చదువుతారు, కాన్వెంటు వ్యాను ఎక్కిన వాళ్లు ఇంగ్లీషు బట్టీ పడతారు. పాఠంలోని మాట అర్థమయ్యేలోపు పాఠం దాటిపోతుంది. వస్తువు చేతిలో ఉంటే ఈ చిక్కు సగం తీరుతుంది. గింజ మొలకెత్తడం కళ్ల ముందు చూసిన పిల్ల, దాన్ని ఏ భాషలో చెప్పమన్నా తడుముకుంటూనైనా చెబుతుంది.

ఈ సంగతి యాభై ఏళ్ల కిందట ఈ జిల్లాలోనే ఒకాయన చేసి చూపించాడు. పేరు డేవిడ్ హార్స్‌బర్గ్. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మన దేశానికి వచ్చిన బ్రిటిషువాడు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో పాఠాలు చెప్పాడు, తర్వాత బ్రిటిష్ కౌన్సిల్ ఉద్యోగిగా మద్రాసులో, బెంగళూరులో పనిచేశాడు. ఆ ఉద్యోగం వదులుకుని 1972లో శ్రీనివాసపుర తాలూకా రాయల్పాడు దగ్గర ఏడెకరాల్లో 'నీల్ బాగ్' అనే బడి పెట్టాడు. చుట్టూ పల్లెలు, తెలుగు మాట్లాడే రైతుకూలీల ఇళ్లు.

ఆ బడి టైంటేబుల్ చూస్తే ఇవాళ్టి విద్యావిధానాలు కొత్తగా చెబుతున్నవన్నీ కనిపిస్తాయి. ఇంగ్లీషు, లెక్కలు, సంస్కృతం, తెలుగు ఒకవైపు. వడ్రంగం, తాపీ పని, కుట్టుపని, తోటపని, సంగీతం మరొకవైపు. నిజానికి వాటిని అలా విడదీయడం కూడా ఆయనకు నచ్చేది కాదేమో. గోడ కట్టే పిల్లకు తూకం గుండు నిలువు గీత నేర్పుతుంది, మట్టం పలక అడ్డ గీత నేర్పుతుంది. రెండూ కలిసే చోట లంబకోణం. వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో కూర్చునేవారు. ఎవరి వేగం వాళ్లది. దెబ్బల్లేవు, ర్యాంకుల పోటీ లేదు. భార్య డొరీన్, కొడుకు నికొలస్ ఆ పనిలో ఆయనకు తోడు. పాఠానికి కావలసిన సామగ్రిని బొమ్మలతో సహా ఎంతో ఓపికగా తయారు చేసుకునేవారు. పల్లెటూరి బడిలో పెద్ద గ్రంథాలయం కూడా పెట్టారు.

నీల్ బాగ్‌కు దేశం నలుమూలల నుంచి యువకులు టీచర్ శిక్షణకు వచ్చారు. అలా వచ్చిన రోహిత్ ధన్‌కర్, రీనా దాస్ 1978లో జైపూర్‌లో 'దిగంతర్' మొదలుపెట్టారు. రాజస్థాన్‌లో పేద పిల్లల చదువుకు అది పెద్ద పేరు. హార్స్‌బర్గ్ 1984లో పోయారు. రాయల్పాడు నుంచి జైపూర్ దాకా వెళ్లిన ఆలోచన పక్క తాలూకా ప్రభుత్వ బడుల్లోకి మాత్రం నేరుగా రాలేకపోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత మదనపల్లె చుట్టు తిరిగి, మైసూరు మీదుగా వచ్చింది.

> మదనపల్లె నుంచి మైసూరుకు
>
> రిషివ్యాలీ గ్రామీణ విద్యా విభాగం 'రివర్' చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడిపింది. పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడ మీద నిచ్చెన లాంటి పటం. ఏ మెట్టు ఎక్కిందో, తర్వాత ఏ కార్డు తీయాలో పిల్లే చూసుకుంటుంది.
>
> 1995 ప్రాంతంలో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు అది చూసి వెళ్లి, యునిసెఫ్ సాయంతో 'నలి–కలి' మొదలుపెట్టారు. 2009–10 నుంచి అది కర్ణాటక అంతటా 1–3 తరగతులకు వచ్చింది.
>
> చెన్నై కార్పొరేషన్ బడుల్లో 2003లో మొదలైన కార్యాచరణ పద్ధతికీ రిషివ్యాలీ పని స్ఫూర్తి.

నలి–కలి మూడో తరగతితో ఆగిపోతుంది. నాలుగో తరగతికి వచ్చేసరికి బెంచీలు మళ్లీ నల్లబల్ల వైపు తిరుగుతాయి. ఏడేళ్ల వయసులో నేల మీద కూర్చుని కార్డులు ఎంచుకున్న పిల్లే పదేళ్లకు 'నోట్సు రాసుకో' అంటే రాసుకుంటుంది. అసలైన ప్రాజెక్టులు చేయగల వయసు అప్పుడే మొదలవుతుంది.

కుప్పం గుట్టల్లో సైన్సు

నంగలి నుంచి దక్షిణంగా వి.కోట దాటితే కుప్పం. అక్కడ గుడివంక గుట్టల్లో 172 ఎకరాల్లో అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణం ఉంది. రామ్‌జీ రాఘవన్ బ్యాంకు ఉద్యోగం వదిలేసి 1999లో మొదలుపెట్టిన సంస్థ ఇది. బోడిగా ఉన్న ఆ నేల మీద ఇప్పుడు చెట్లు పెరిగాయి, పక్షులు చేరాయి. చుట్టుపక్కల సర్కారు బడుల పిల్లలు బస్సుల్లో వచ్చి పొద్దంతా ప్రయోగాలు చేసి పోతారు. 2017 చివర్లో రామానుజన్ పేరిట గణిత ఉద్యానం కూడా పెట్టారు.

రాలేని బడులకు వాళ్లే వెళతారు. వ్యానులో, కొన్నిచోట్ల మోటారు సైకిలు మీద ప్రయోగాల పెట్టెలు పెట్టుకుని పోతారు. వేప చెట్టు కింద బల్ల వేసి పెట్టె తెరవగానే పిల్లలు ఈగల్లా మూగుతారు. సైకిలు చక్రాన్ని గిర్రున తిప్పి ఇరుసు పట్టుకుని వంచబోతే అది ఎదురు తిరుగుతుంది. ఆ తోపు మణికట్టుకు తెలిసిన పిల్ల కళ్లు చూడాలి. కోణీయ ద్రవ్యవేగం అన్న మాట ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా ఫరవాలేదు.

అగస్త్య పని మీద నాకు గౌరవం ఉంది. అయినా వ్యాను సాయంత్రానికి వెళ్లిపోతుంది. ఆశ్చర్యం ఒక్క రోజులో పుడుతుంది గానీ ఒక ప్రశ్నను వెంటాడటానికి నెలలు పడుతుంది. దానికి ఊరి ప్రశ్నే కావాలి, ఊరి టీచరే ఉండాలి.

గడప దాటితే ప్రయోగశాల

కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. పాలారు పేరుకే నది. ఉమ్మడి జిల్లాలో పూర్వులు తవ్విన చెరువులు నాలుగు వేలకు పైమాటే. చెరువులు పూడాయి, బావులు ఎండాయి, బోర్లు వెయ్యి అడుగులు దాటి పదిహేను వందల వైపు దిగాయి. అంత లోతు నీళ్లతోపాటు ఫ్లోరైడూ పైకి వచ్చింది. తాగే నీళ్లలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చు అని ప్రమాణం. ముళబాగిలు తాలూకాలో దాన్ని మించిన బోర్లు ఎన్నో.

దీన్ని పాఠం చేయడం ఎంత సులువో చూడండి. పిల్లలు నలుగురేసి జట్లుగా విడిపోయి ఊళ్లోని బోర్లు, కుళాయిల నుంచి సీసాల్లో నీళ్లు తెస్తారు. సీసా మీద చీటీ: ఏ వీధి, ఏ తేదీ, బోరు లోతెంత. పరీక్ష కిట్టులోని గొట్టంలో గీత దాకా నీళ్లు పోసి రసాయనం చుక్కలు వేస్తారు. ఫ్లోరైడు తక్కువుంటే గులాబీ ఎరుపు నిలుస్తుంది. ఎక్కువయ్యే కొద్దీ ఆ రంగు వెలిసి పసుపు వైపు జారుతుంది. రంగుల పట్టీ పక్కన పెట్టి అంకె చదవాలి. తర్వాత ఊరి పటం గీసి ఏ బోరు దగ్గర ఏ రంగో చుక్క పెట్టాలి. అది అయ్యాక ఏ పిల్లా అడగకుండా ఉండని ప్రశ్న ఒకటుంది: 'మా ఇంటి నీళ్లు ఏ రంగు?' తన అవ్వ పళ్ల మీది గోధుమ రంగు చారలకు, తాత వంగని మోకాళ్లకు కారణం ఆ గొట్టంలో ఉందని తెలిసిన పిల్లకు రసాయనశాస్త్రం మీద శ్రద్ధ పెట్టమని ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

మన తెలుగు నేలకు ఈ జబ్బుతో పాత పరిచయం. ఇండియాలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరు 'నల్గొండ టెక్నిక్'. రెండు బక్కెట్లతో దాన్ని తరగతిలో చేసి చూపించవచ్చు. పటిక మోతాదు ఒక్కో నీటికి ఒక్కోలా ఉంటుంది కనుక ఆ నీళ్లు తాగించకూడదు. ముందు, తర్వాత కొలిచి తేడా చూడాలి.

ఇంకో లెక్క. ఈ జిల్లాలో సగటు వాన ఏడాదికి 700 మిల్లీమీటర్ల పైచిలుకు. బడి కప్పు 200 చదరపు మీటర్లు అనుకుందాం. దాని మీద పడేది 1,40,000 లీటర్లు. ఆవిరికీ పొర్లిపోవడానికీ ఐదో వంతు వదిలేసినా 1,12,000 మిగులుతుంది. 5,000 లీటర్ల ట్యాంకర్లు ఇరవై రెండు. ఆరో తరగతి పిల్లలు టేపు పట్టుకుని తమ బడి కప్పు తామే కొలిచి ఈ గుణకారం చేస్తే, వైశాల్యం పాఠం అక్కడే అయిపోతుంది. ఆ నీళ్లన్నీ ఇప్పుడు ఎక్కడికి పోతున్నాయన్న ప్రశ్న హెడ్ మాస్టారి బల్ల మీదికి వస్తుంది.

ఇక టమాటా. 2023 జూలైలో కోలారు మార్కెట్టులో 15 కిలోల బాక్సు రెండు వేలు దాటింది. కోత కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోసిన రోజులూ ఈ ఊళ్లు చూశాయి. ఒక్క పంట కాలం రోజూ మార్కెట్టు ధర రాసి గ్రాఫు గీసిన ఎనిమిదో తరగతి పిల్లకు గిరాకీ, సరఫరా నిర్వచనం చూచిరాతగా అక్కర్లేదు. నారు, మందు, కట్టె, దారం, కూలి, బాడుగ అంటూ ఇంట్లో నాన్న చెప్పే ఖర్చు పక్కన ఆ గ్రాఫు పెడితే ఆ ఇంటి కథ మొత్తం కనిపిస్తుంది.

చెరువు కట్ట మీద మరో పెద్ద ప్రశ్న ఉంది. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కె.సి.వ్యాలీ పథకం కింద ఈ జిల్లా చెరువులకు పంపుతున్నారు. భూగర్భజలం పైకి వచ్చిందని ఒకరంటారు. రెండు దశల శుద్ధి చాలదు, మూడో దశ కావాలని ఇంకొకరంటారు. పెద్దవాళ్లు వాదించుకుంటున్న ఈ విషయంలో బావి నీటిమట్టం నెలనెలా కొలిచి రాసిపెట్టే పని హైస్కూలు పిల్లలు చక్కగా చేయగలరు.

> మన గని లోపల ప్రపంచ ప్రయోగం
>
> కె.జి.ఎఫ్. (కోలారు బంగారు గనులు) అంటే బంగారమే అనుకుంటాం. 1965లో అక్కడి గనిలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్ (టి.ఐ.ఎఫ్.ఆర్.) శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ బృందాలతో కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినో కణాల ఆనవాళ్లు పట్టారు. ప్రపంచంలో మొదటిసారి అవి దొరికిన చోట్లలో అది ఒకటి.
>
> ఆ గనులు మూతపడింది 2001 ఫిబ్రవరి 28న. సైన్స్ దినోత్సవం రోజే.
>
> గనుల పక్కన మిగిలిన సైనైడ్ దిబ్బల దుమ్ము మీద ప్రాజెక్టు చేయాలంటే పిల్లల్ని దిబ్బల దగ్గరికి తీసుకుపోకూడదు. వేసవి గాలి రోజుల్లో ఇంటి కిటికీ అద్దం మీద ఎంత దుమ్ము పేరిందో చూసినా చాలు.

"మట్టి పని వద్దనే కదా బడికి పంపిండేది!"

ఈ మాట ఈ ప్రాంతంలో ఏ కూలి తల్లి నోటైనా వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపనితో కూడిన చదువు కావాలన్నారు. ఆ 'నయీ తాలీమ్' ఎక్కువ కాలం నిలవలేదు. కారణాలు చాలా ఉన్నా, పేదల అనుమానం అందులో ఒకటి: పట్నం పిల్లలకు పుస్తకాలు, మా పిల్లలకు రాట్నమా? తరతరాలుగా పార, గంప మోసిన కులాల నుంచి వచ్చిన ప్రశ్న అది. నంగలిలో ఆ తల్లి తన పిల్లవాడి వేళ్లు తన వేళ్లలా నల్లబడకూడదనే కూలి డబ్బు తీసి థర్మాకోల్ కొన్నది.

ఆమెకు జవాబు చెప్పాలి. టమాటా కోయించడం ప్రాజెక్టు కాదు. అది ఆ పిల్లకు ఇంటి దగ్గర ఎలాగూ తప్పడం లేదు. కోసిన టమాటా బాక్సు ధర ఎవరు, ఎప్పుడు, ఎలా నిర్ణయిస్తున్నారో తెలుసుకోవడం ప్రాజెక్టు. బడి ఆవరణ ఊడిపించి దానికి 'శ్రమదానం' అని మార్కులు వేస్తే తల్లిదండ్రుల కోపం న్యాయమే. పని వెనకున్న లెక్కను, ఎందుకు ఇలా ఉందన్న ప్రశ్నను పిల్ల చేతికి ఇచ్చినప్పుడే అది చదువవుతుంది.

కర్ణాటక బడుల్లో 'మక్కళ సంతె', 'మెట్రిక్ మేళా' జరిగే రోజు ఒకసారి వెళ్లి చూడండి. పిల్లలే సొరకాయలు, కొత్తిమీర, చింతపండు, నువ్వులుండలు తెచ్చి గోనెపట్టాల మీద పరుస్తారు. తక్కెడ వాళ్లదే, చిల్లర వాళ్లదే. ఐదో తరగతి పిల్ల పావుకిలో ధర నోటితో చెప్పి, యాభై నోటుకు చిల్లర లెక్కపెట్టి వాళ్లమ్మకే ఇస్తుంది. అమ్మ బేరమాడుతుంది, పిల్ల తగ్గదు. బడి గేటు బయటే నిలబడే తల్లులు ఆ రోజు లోపలికి వస్తారు, సాయంత్రం దాకా ఉంటారు. అయితే ఏడాదికి ఒక్క రోజే ఆ సంత.

వినే వాళ్లుండాలి

ప్రాజెక్టు చచ్చిపోయేది మార్కు పడ్డ మరుక్షణం. టీచరు సంతకం తర్వాత దాన్ని ఎవరూ తెరవరని పిల్లలకు తెలుసు. తన లెక్క మీద ఎవరైనా ఏదైనా చేస్తారన్న ఆశ ఉంటేనే పిల్ల దాన్ని జాగ్రత్తగా చేస్తుంది.

అలా వినిపించే చోటు కర్ణాటకలో కాగితం మీద ఇప్పటికే ఉంది. ప్రతి గ్రామ పంచాయతీ ఏటా మక్కళ గ్రామసభ (పిల్లల గ్రామసభ) జరపాలి. పిల్లలు లేచి అడగవచ్చు, అధ్యక్షుడు, పంచాయతీ అభివృద్ధి అధికారి (పీడీఓ) జవాబివ్వాలి. చాలాచోట్ల దండలు, ఉపన్యాసాలు, బిస్కెట్లతో ముగుస్తుంది. 'నీళ్లు బాగాలేవు' అని ఒక పిల్ల అంటే 'చూస్తాం' అంటారు. అదే పిల్ల 'ఫలానా వీధి బోరులో మూడుసార్లు కొలిచాం, మూడుసార్లూ ఒకటిన్నర దాటింది, ఇదిగో పటం' అంటే ఆ మాటను దాటేయడం కష్టం.

1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ కూడా ఇలాంటిదే. పది నుంచి పదిహేడేళ్ల పిల్లలు తమ ఊరి సమస్య మీద జట్టుగా పరిశోధించి జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలో వినిపించాలి. కర్ణాటకలో రాజ్య విజ్ఞాన పరిషత్తు, ఆంధ్రలో జన విజ్ఞాన వేదిక ఈ పనిలో ఏళ్ల తరబడి ఉన్నాయి. తమకు వచ్చిన భారతీయ భాషలో చెప్పవచ్చు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ అంటూ నలిగే మన పిల్లలకు ఇదొక ఊరట.

ఖర్చు మాట ఎవరైనా ఎత్తితే ఒక సంగతి. జల్ జీవన్ మిషన్ కింద గ్రామాలకు నీటి పరీక్ష కిట్లు ఇచ్చారు, ఊరికి ఐదుగురు మహిళలకు పరీక్ష చేయడం నేర్పాలన్నారు. ఆ మహిళల్లో ఎవరో ఒకరి పిల్ల ఊరి బడిలోనే చదువుతుంటుంది. ఆమెను ఒక శనివారం తరగతికి పిలవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అడగాల్సింది తాలూకా విద్యాధికారి కార్యాలయాన్ని: ఎఫ్ఏ ప్రాజెక్టులన్నీ కలిపి ఏడాదికి ఒక్కటిగా చేసుకునే వెసులుబాటు ఇవ్వండి, దానికి వారానికి ఒక గంట టైంటేబుల్లో వేయండి, పిల్లల్ని ఊళ్లోకి తీసుకుపోయే టీచరుకు అండగా ఉంటామని రాతపూర్వకంగా చెప్పండి. జూన్‌లో బడి తెరిచిన వారమే ఆ కాగితం వస్తే, వానలకు ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి బోర్లు కొలిచి, రెండు పటాలతో ఆ ఏటి మక్కళ గ్రామసభకు వెళ్లే వ్యవధి పిల్లలకు ఉంటుంది.